నేను తిప్పిన గాలి

ఆదివారం గుడిలో భోజనాల వరసలో నిలబడితే, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎవరో ఒకరు అడుగుతారు: "ఆంటీ, రిటైర్ అవకముందు మీరేం చేసేవాళ్ళు?"

"గాలి వీయించేదాన్ని" అంటాను.

మర్యాదకి నవ్వి పులిహోర వైపు జరుగుతారు. కానీ నేను చెప్పింది అబద్ధం కాదు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు, టొరంటోకి కొంత దూరంలో ఉన్న ఒక విండ్ టన్నెల్‌లో ఇంజనీరుగా పనిచేశాను. విండ్ టన్నెల్ అంటే మరేం కాదు, ఒక పొడుగాటి గది. ఒక కొసన మనిషికన్నా ఎత్తైన ఫ్యాన్లు, ఇంకో కొసన తిరిగే బల్ల. కట్టబోయే భవనానికో వంతెనకో చిన్న నమూనా చేసి ఆ బల్లమీద బిగించి, గాలి వదిలి, అది ఎక్కడ నెడుతోందో ఎక్కడ లాగుతోందో కొలుస్తాం. బల్ల తిప్పితే గాలి దిక్కు మారినట్టు. అంతే. మా ఆయన మాత్రం చుట్టాలకి "మా ఆవిడ ఫ్యాన్ స్విచ్ వేసి జీతం తెస్తుంది" అని చెప్పేవాడు.

ఈమధ్య ఆ వరసలోనే ఒకమ్మాయి మెల్లగా చెప్పింది. ఆఫీసులో ఏదో తప్పు చేసిందట. ఎవరూ ఇంకా చూడలేదట. మేనేజరుకి చెప్పాలా, చూసేదాకా ఊరుకోవాలా అని రెండు రోజులుగా నిద్ర లేదట. సాంబారు గిన్నె పక్కన నిలబడి చెప్పగలిగిన కథ కాదు నాది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆమెకీ, ఆమెలాంటి మీకందరికీ.

నా ఉద్యోగం చివరి ఏళ్ళలో మాకొక పెద్ద టెలిస్కోపు పని వచ్చింది. ఏ దేశం, ఏ కొండ అని అడగకండి. చాలా ఎత్తైన కొండ, దానిమీద ఒక గుమ్మటం, గుమ్మటంలో ఇల్లంత అద్దం. ఆ అద్దాన్ని మోసే ఉక్కు చట్రం నక్షత్రం వెంట మెల్లగా తిరుగుతూ ఉండాలి, కాబట్టి దాన్ని కదలకుండా పాతిపెట్టడానికి లేదు. గుమ్మటం నోరు తెరిస్తేగానీ ఆకాశం కనపడదు, తెరిస్తే గాలి లోపలికి వస్తుంది. వచ్చి ఆ చట్రాన్ని వెంట్రుక మందంలో ఏ కొంచెం ఊపినా, చుక్కలా కనపడాల్సిన నక్షత్రం చెయ్యి తగిలి అలుక్కుపోయిన ముగ్గులా కనపడుతుంది.

అయితే గాలి రాకుండా గట్టిగా అడ్డుకట్ట వేస్తే సరిపోదా అని మొదటి వారం నేనూ అడిగాను. సరిపోదు. గాలి ఆడకపోతే పగటి వేడి లోపలే నిలిచిపోతుంది. ఎండాకాలం తారురోడ్డు మీద గాలి అలలు అలలుగా లేచినట్టు అద్దం ముందు లేస్తుంది. అప్పుడూ చుక్క చెదురుతుంది. కాబట్టి గాలి రావాలి, కానీ మెల్లగా రావాలి. చల్లగా రావాలి, సుడులు తిరగకుండా రావాలి. కొత్త అల్లుడి మర్యాదలు దీనికన్నా నయం.

గుమ్మటం పక్కన ఇంకో కట్టడం కూడా ఉంటుంది. కూలింగ్ యంత్రాలు, పంపులు, ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ అందులోనే. రాత్రీ పగలూ అది వేడి గాలి వదులుతూనే ఉంటుంది. ఆ వేడి గుమ్మటంలోకి పోకూడదు. అంటే ఆ కట్టడాన్ని గాలి వచ్చే వైపు కట్టకూడదు, గాలి పోయే వైపు కట్టాలి. కొండమీద అది ఏ వైపో తేల్చి చెప్పడం మాకిచ్చిన పనుల్లో ఒకటి. అన్నిట్లోకీ తేలికైన పని అదే. అందుకే అక్కడే బోర్లా పడ్డాను.

ఆ పని మీద మేం ముగ్గురం ఉన్నాం. మొదటివాడు మా టెక్నీషియన్. కెనడా నడిమధ్యన సస్కటూన్ అనే ఊరి అవతల గోధుమ పొలాల్లో పుట్టి పెరిగిన మనిషి, నాకన్నా రెండేళ్ళు పెద్ద. మాట తక్కువ, ఉలి పని ఎక్కువ. ఆ కొండ మొత్తాన్ని, నైరుతి వైపు నిట్టనిలువుగా పడిపోయే లోయ అంచుతో సహా, ఫోమ్ దిమ్మెలో చేత్తో చెక్కాడు. రెండోవాడు కంప్యూటర్ మీద గాలి లెక్కలు కట్టే కరీంనగర్ తమ్ముడు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. మాది అనంతపురం వైపు. మొదట్లో నన్ను మేడం అనేవాడు. ఒకరోజు నా డబ్బాలోని ఉగ్గాని తిన్నాక అక్కా అనడం మొదలుపెట్టాడు. అతను లెక్క కట్టాలి, నేను టన్నెల్‌లో కొలవాలి, రెండూ సరిపోతే నిజమన్నట్టు. మూడోదాన్ని నేను.

కొండమీద గాలి ఏ దిక్కున ఎంత వీస్తుందో అక్కడివాళ్ళు ఒక పట్టిక పంపించారు. దాన్ని మా పద్ధతిలోకి మార్చి, తమ్ముడికొక కాపీ ఇచ్చి, టెక్నీషియన్‌కి బల్ల ఎంత తిప్పాలో రాసిచ్చింది నేనే. ఆ ప్రకారం ఎక్కువ గాలి నైరుతి నుంచి, లోయ అంచు మీదుగా వస్తుంది. కాబట్టి యంత్రాల కట్టడం ఈశాన్యాన ఉండాలి. అదృష్టవశాత్తు ఆ వైపు చదునైన నేల కూడా ఉంది. తమ్ముడి లెక్కా నా కొలతా గీతకి గీత సరిపోయాయి.

"అక్కా, ఇట్ల మ్యాచ్ కావడం నా సర్వీస్‌ల చూడలే" అన్నాడు.

నేనూ చూడలేదు. అనుమానించాల్సింది అక్కడే. అనుమానించకపోగా మర్నాడు మైసూర్‌పాక్ చేసి పట్టుకెళ్ళాను. రిపోర్ట్ వెళ్ళింది, ఆమోదం వచ్చింది. వచ్చే సోమవారం ఈశాన్యం వైపు రాయి కొట్టడం మొదలుపెడుతున్నామని మెయిల్ పెట్టి, దానితో కొండ ఫోటోలు నాలుగు పంపించారు. నేను వాటిని ప్రింట్ తీసి లంచ్ రూంలో, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో రాసిన కాగితం పక్కన అతికించాను.

శుక్రవారం మధ్యాహ్నం. టెక్నీషియన్ శాండ్‌విచ్ నములుతూ ఆ ఫోటోల ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"ఆ కంటెయినర్ వెనక మంచు చూశావా?" అన్నాడు.

పనివాళ్ళ సామాను పెట్టుకునే ఇనుప కంటెయినర్ అది. "చూశాను. బాగుంది" అన్నాను.

"బాగుండటం కాదు. తోక ఎటుంది?"

కంటెయినర్‌కి ఒక పక్క మంచు పొడుగ్గా, సన్నబడుతూ, నిజంగానే తోకలా పేరుకుని ఉంది.

"మా నాన్న ట్రాక్టర్ షెడ్డు వెనక ప్రతి చలికాలం ఇలాగే పడేది. తోక ఎప్పుడూ గాలి పోయే వైపే పెరుగుతుంది. ఈ తోక లోయ వైపుంది. అది లోయ అంచని నాకు తెలుసు, నాలుగు రోజులు చెక్కాను. అంటే గాలి చదును వైపు నుంచి వస్తోంది. నువ్వు నాతో బల్ల అవతలికి తిప్పించావు."

"ఏదో ఒక తుఫాను అటునుంచి వచ్చి ఉంటుంది" అన్నాను. నా గొంతులో కాస్త చికాకు కూడా ఉండే ఉంటుంది.

"ఉండొచ్చు" అని ఇంకో ముక్క కొరికాడు. "కానీ ఫోటోలు నాలుగు. కింద తేదీలు నాలుగు. తోక ఒక్కటే."

నేను కాఫీ అక్కడే వదిలేసి సీటు దగ్గరికి వెళ్ళాను. పరుగెత్తలేదు. పరుగెడితే నిజమైపోతుందని భయం. వాళ్ళు పంపిన అసలు పట్టిక తెరిచాను. పైవరసలో, చిన్న అక్షరాల్లో, స్పష్టంగా రాసి ఉంది: గాలి వచ్చే దిక్కు.

గాలి విషయంలో లోకమంతా ఒకటే ఆచారం. తూర్పు గాలి అంటే తూర్పు నుంచి వచ్చేది. సముద్రంలో నీటి ప్రవాహానికి ఆచారం తలకిందులు, అది పోయే దిక్కుతో చెబుతారు. అంతకుముందు రెండేళ్ళు నేను సముద్రంలో కట్టే ఒక ప్లాట్‌ఫాం పనిలో ఉన్నాను. ఆ పట్టికలన్నీ పోయే దిక్కులో వచ్చేవి. నూట ఎనభై డిగ్రీలు కలిపి తిప్పుకోవడం నా చేతికి అలవాటైపోయింది. కొండ పట్టిక వచ్చిన రోజు కూడా చెయ్యి తన పాటికి తను కలిపేసింది. తమ్ముడి లెక్కా నా కొలతా ఎందుకంత ముచ్చటగా సరిపోయాయో అప్పుడర్థమైంది. ఇద్దరం వాడింది ఒకే తప్పు పట్టిక మరి.

మేం చెప్పిన చోట కడితే, ఏడాది పొడుగునా ఆ యంత్రాల వేడి నేరుగా గుమ్మటం నోట్లోకి పోతుంది. ప్రపంచంలోకెల్లా మంచి అద్దాల్లో ఒకదాని ముందు నేను కుంపటి పెట్టించబోతున్నాను.

మా బాస్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఆయన కూతురి హాకీ టోర్నమెంట్‌కి వెళ్ళాడు, ఫోన్ కార్లోనే ఉండిపోయిందని తరవాత తెలిసింది. అప్పుడు కూర్చుని ఒక మెయిల్ రాయడం మొదలుపెట్టాను. ఆ మెయిల్ ఇప్పటికీ నాకు గుర్తుంది, ఎందుకంటే నా జీవితంలో అంత అందంగా ఇంకేదీ రాయలేదు. 'అదనపు సమాచారం వెలుగులో దిక్కులను పునఃపరిశీలించడం సముచితమని భావిస్తున్నాము.' తప్పు అన్న మాట ఎక్కడా లేదు. నేను అన్న మాట అసలే లేదు.

తమ్ముడిని పిలిచి విషయం చెప్పి, మెయిల్ చూపించాను. అతని మొహం పాలిపోయింది. ఆ లెక్కల మీద వచ్చే నెల కాన్ఫరెన్స్‌లో మాట్లాడాల్సి ఉంది పాపం. అయినా తన సంగతి ఎత్తలేదు.

"అక్కా, ఇట్ల రాస్తే సోమవారం దాకా ఎవ్వరు ఓపెన్ చెయ్యరు. ఓపెన్ చేసినా అర్థం కాదు. నాకే అర్థం కాలే. అప్పటికి ఆ రాయి ఉండది. ఫోన్ చెయ్యి."

"బాస్‌కి చెప్పకుండా క్లయింట్‌కి ఎలా చేస్తాం?"

"నేను గూడ చెక్ చెయ్యలే కదా. నీ టేబుల్ తీస్కొని కోడ్‌ల పెట్టిన. ఇద్దరం కూసుందాం. నువ్వు మాట్లాడు, నేను పక్కన్నే ఉంట."

కొండమీది పనులన్నిటికీ పెద్ద ఒక చీఫ్ ఇంజనీరు, మహా కచ్చితమైన మనిషి. ఆవిడ పేరు స్క్రీన్ మీద కనపడితే మా బాస్ కూడా చొక్కా సర్దుకునేవాడు. ఫోన్ రెండో రింగుకే ఎత్తింది.

"సోమవారం రాయి కొట్టకండి" అన్నాను. నమస్కారం కూడా చెప్పినట్టు లేను. "మేం చెప్పిన దిక్కు తప్పు. నేను పట్టిక తప్పుగా తిప్పాను."

"ఎంత తప్పు?" అంది.

"నూట ఎనభై డిగ్రీలు."

"అంతకన్నా ఎక్కువ తప్పడం కుదరదు కదా?"

"కుదరదు. మాకున్న ఓదార్పు అదొక్కటే."

నవ్విందో నిట్టూర్చిందో తెలియలేదు. తరవాత మెల్లగా అంది: "ఇక్కడ మా వాళ్ళకీ వింతగానే అనిపించింది. గాలి లోయ వైపు నుంచి వస్తుందేమిటి అన్నారు. కానీ మీ రిపోర్ట్ అంత లావుగా ఉంటే, మాకు తెలియనిదేదో మీకు తెలుసనుకున్నాం. పని ఆపుతాను. సోమవారం అందరూ మీటింగ్‌కి రండి."

ఫోన్ పెట్టేశాక తమ్ముడు తన డ్రాయర్‌లోంచి పల్లీ పట్టీ తీసి సగం విరిచి ఇచ్చాడు. ఇద్దరం తిన్నాం.

శని, ఆదివారాలు ఎలా గడిచాయో రాయను. ఇల్లంతా రెండుసార్లు వాక్యూమ్ చేశానని మాత్రం మా ఆయన చెబుతాడు.

సోమవారం వీడియో మీటింగ్‌లో పన్నెండు మొహాలు. మా బాస్ గొంతు సవరించుకుని, "మా వైపు నుంచి ఒక చిన్న పొరపాటు..." అని మొదలుపెట్టాడు. పాపం, నన్ను కాపాడాలనే. నేను అడ్డుపడ్డాను.

"మా వైపు నుంచి కాదు, నా వైపు నుంచి. చిన్నదీ కాదు."

వెంటనే తమ్ముడు నా పక్కనుంచి ముందుకి వంగి, తనూ సరిచూడలేదని ఇంగ్లీషులో ఒప్పుకున్నాడు. ఇంతలో మా వెనకనుంచి టెక్నీషియన్, ఎన్నడూ మీటింగుల మొహం చూడని మనిషి, కెమెరాకి మరీ దగ్గరగా ముక్కు పెట్టి, "బల్ల తిప్పింది నేను" అన్నాడు.

స్క్రీన్ నిండా ఆ ముక్కే. చీఫ్ ఇంజనీరు ఒక్క క్షణం దాన్ని చూసి, "ఇంకెవరైనా మిగిలారా?" అంది. అందరూ నవ్వేశారు.

నవ్వు అయిపోయాక అసలు సంగతి చెప్పింది. మళ్ళీ మంచు మొదలయ్యేలోగా రాయి కొట్టే బృందం కొండ దిగిపోవాలి. పది రోజుల్లో కొత్త చోటు చెప్పకపోతే పని ఏడాది ఆగుతుంది. పోనీ కట్టడాన్ని అటునుంచి ఇటు మారుద్దామంటే, నైరుతి వైపు నేలే లేదు, లోయ.

ఆ పది రోజులూ మేం ముగ్గురం టన్నెల్‌లోనే కాపురం. ముందు, మేం చెప్పిన పాత చోటు ఎంత చెడ్డదో చూద్దామని, చిన్న కట్టడం నమూనాలోంచి పొగ వదిలి, సరైన వైపు నుంచి గాలి పెట్టాం. పొగ పాములా జరుగుతూ వెళ్ళి గుమ్మటం నోట్లో దూరింది. లోపల సుడి తిరిగి అద్దం మీద కూర్చుంది. టెక్నీషియన్ వెళ్ళి ఫ్యాన్ ఆపేశాడు.

లోయ అంచున ఇనుప స్తంభాలమీద కడితే ఎలా ఉంటుందో చూశాం. అంచు కింద గాలి వెనక్కి మళ్ళి పొగని పైకి తెచ్చింది. ఇంకాస్త దూరం జరిపాం. అదే తంతు. ఏడో రోజున తమ్ముడు కుర్చీలో వాలి, కళ్ళు మూసుకుని అన్నాడు:

"అక్కా, ఈశాన్యంల బరువు పెట్టినం. వాస్తు తెలిసినోళ్ళను ఒక్క మాట అడిగితే అయిపోతుండె."

ఎంత నవ్వానంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. అందులో సగం నవ్వువి కావు. టెక్నీషియన్‌కి వాస్తు అంటే ఏమిటో వివరించాల్సి వచ్చింది. బరువు నైరుతిలో, నిప్పు ఆగ్నేయంలో అని చెప్పాను. అతను నవ్వలేదు. కొండ నమూనా చుట్టూ ఒకసారి తిరిగి, ఆగ్నేయం వైపు కాస్త కిందుగా ఉన్న ఒక అరుగు మీద వేలు పెట్టాడు.

"మా ఊళ్ళో పశువుల కొట్టం ఇంటికి గాలి పోయే వైపు కడతారు. అక్కడ చోటు లేకపోతే పక్కకి, పల్లంలో కడతారు. వాసన పక్కనుంచే వెళ్ళిపోతుంది. ఇక్కడ పెట్టి చూద్దాం."

అరుగుని కొంచెం వెడల్పుగా చెక్కి కట్టడాన్ని అక్కడ పెట్టాడు. వేడిగాలి గొట్టాన్ని ఇంకా కిందికి లాగాడు. పొగ వదిలాం. బల్ల మెల్లగా తిప్పుతూ ఒక్కో దిక్కూ చూశాం. పొగ కొండ పక్కగా వంగి, గుమ్మటాన్ని పట్టించుకోకుండా, పరాయి ఊరి బస్సులా వెళ్ళిపోయింది. ఎక్కడో ఒకటి రెండు అరుదైన దిక్కుల్లో తప్ప దగ్గరికి రాలేదు. టెక్నీషియన్ ఈల వేశాడు. ఆ ఈల మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

తమ్ముడు ఈసారి నా పట్టిక తీసుకోలేదు. తనే అసలు కాగితం నుంచి మొదలుపెట్టి లెక్క కట్టాడు. గీతకి గీత సరిపోలేదు గానీ, నమ్మదగ్గంత దగ్గరగా వచ్చింది. పదో రోజు మధ్యాహ్నం కొత్త చోటు చెప్పాం.

బాస్ నన్ను గదిలోకి పిలిచాడు. "నాకు చెప్పకుండా ఇంకెప్పుడూ క్లయింట్‌కి ఫోన్ చేయకు" అన్నాడు. తల ఊపాను. తలుపు దాకా వచ్చాక, "చేసినందుకు థాంక్స్" అన్నాడు. ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం పడింది. ప్రమోషన్ ఒకటి దూరమైంది, నిజం దాచడం దేనికి. ఆఫీసంతా ఒక ఏడాది పాటు నన్ను లిఫ్ట్ దగ్గర చూసి, "పైకి వెళ్తున్నావా, పైనుంచి వస్తున్నావా?" అని అడిగేది. తమ్ముడు కాన్ఫరెన్స్‌లో తప్పు లెక్క గురించే మాట్లాడాడు. సరైన లెక్క గురించి మాట్లాడి ఉంటే అంతమంది వచ్చేవాళ్ళు కాదు.

రిటైర్ అవడానికి కొన్ని నెలల ముందు, గుమ్మటం కట్టడం పూర్తయ్యాక, దాని గోడల్లో గాలి ఆడటానికి పెట్టిన కిటికీలు సరిచూడటానికి నన్ను ఆ కొండమీదికి పంపించారు. నన్నే పంపమని చీఫ్ ఇంజనీరు అడిగిందట. కారణం బాస్ చెప్పాడు: "ఫోన్ చేసే మనిషి కావాలంది."

కొండమీద ఆవిడ నన్ను కౌగిలించుకుని, హెల్మెట్ ఇచ్చి, గుమ్మటం లోపలంతా తిప్పి చూపించింది. కిటికీలు తెరిస్తే గాలి చల్లగా, మెల్లగా, సుడి లేకుండా అద్దం మీదుగా సాగిపోయింది. జాకెట్ అంచు కూడా కదలలేదు. ముప్ఫై ఏళ్ళుగా బొమ్మల మీద చూసిన గాలిని అసలు కట్టడంలో నిలబడి ఒంటితో తెలుసుకోవడం అదే మొదలు. చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

తరవాత యంత్రాల కట్టడం చూడ్డానికి ఒక్కదాన్నే కిందికి దిగాను. అరుగు పల్లంలో ఉంది కదా, గుమ్మటం నుంచి అక్కడికి నలభై ఇనుప మెట్లు. దిగడం బాగానే దిగాను. ఎక్కేటప్పుడు ఆ ఎత్తులో ఊపిరి అందక, పధ్నాలుగో మెట్టు మీద కూలబడ్డాను. కిందనుంచి నా వయసు మనిషే ఒకాయన, చేతిలో టూల్‌బాక్స్‌తో ఆయాసపడుతూ వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"కొత్తా?" అన్నాడు.

"చూడ్డానికి వచ్చాను."

"ఈ మెట్లు రోజుకి ఆరుసార్లు ఎక్కి దిగాలి మేం. ఎక్కడో కెనడాలో ఎవరో ఒకావిడ గాలి దిక్కు తప్పు చెప్పిందట. అందుకే ఇక్కడ కట్టారు. వీటిని మేం క్షమాపణ మెట్లు అంటాం." ఊపిరి తీసుకుని నా వైపు తిరిగాడు. "ఆవిడ గురించి విన్నారా ఎప్పుడైనా?"

బాస్‌కి చెప్పాను, చీఫ్ ఇంజనీరుకి చెప్పాను, పన్నెండు మొహాల ముందు చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పాను. కానీ ఆ పధ్నాలుగో మెట్టు మీద, ఆయన టూల్‌బాక్స్ బరువు చూశాక, నోరు పెగల్లేదు.

"లేదండీ" అన్నాను.